దూడచెవి మడి

పదేళ్ళ పిల్లల కోసం చేసిన బెంచీ మీద యాభై దాటిన మనిషిని కూర్చోబెడితే మోకాళ్ళు వచ్చి గడ్డానికి తగులుతాయని ఈ పెద్దమనుషులకు ఎవరు చెప్పాలి, అనుకున్నాడు ఒక్తావ్ పెర్నో. గురువారం బడికి సెలవు కాబట్టి కమతాల ఏకీకరణ సంఘం వాళ్ళు తరగతి గది ఆక్రమించుకుని, ఊళ్ళో రైతుల్ని ఇలా వసారాలో, సుద్దముక్కల వాసనలో, పిల్లల కోట్లు తగిలించే కొక్కేల కింద వరసగా కూలేశారు. రెండున్నరకు రమ్మని కాగితం. ఇప్పుడు మూడు దాటింది. లోపల ఎవరిదో గొణుగుడు, కుర్చీ జరిపిన చప్పుడు, మళ్ళీ గొణుగుడు. బయట జూన్ ఎండ కాస్తూనే ఉంది గానీ సోన్ నదికి అవతల, పొప్లార్ చెట్ల వెనక ఒక మబ్బు లేస్తోంది. ఇంకా నల్లబడలేదు, ఊదారంగులోనే ఉంది, అయినా ఆ ఊదారంగు సంగతి తనకు తెలీదా, చీకటి పడేలోపు కురిసి తీరుతుంది. పొద్దున కోసి పరిచిన గడ్డి మెట్ట మీద ఆరుతోంది. దాన్ని తిరగవేసి కుప్ప చెయ్యాల్సిన వేళకి తను ఇక్కడ, గొంతు దాకా బొత్తాం పెట్టుకున్న ఆదివారం చొక్కాలో, బడికి ఆలస్యంగా వచ్చి బయట నిలబెట్టిన కుర్రాడిలాగా కూర్చుని చెమటలు కక్కుతున్నాడు. గడ్డి కోతల రోజుల్లో రైతుని పిలిపించుకునే వాడికి గడ్డి అంటే ఏమిటో తెలిసి ఉండదు. తెలిసుంటే ఆ గదిలో ఎందుకు కూర్చుంటాడు.

లోపలికి వెళ్ళేలోగా క్లోతిల్డ్‌కి ఒక మాట చెప్పాలి. ఒకే ఒక్క మాట. నాలుగు నెలలుగా అది గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది, లోపలికి పోదు, బయటికి రాదు. పక్కనే కూర్చుంది మహాతల్లి, నల్ల చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, దాని గొళ్ళేన్ని తెరుస్తూ మూస్తూ, టక్కు, టక్కు. ఈవిడ కాసేపు చేతులు ఊరకే పెట్టుకోలేదేం. రెండు వారాల కింద మేయరు ఆఫీసు గోడకి కొత్త పటం అంటించినప్పుడు ఇద్దరూ కలిసే వెళ్ళి చూశారు. ఏటి వంపులో ఉన్న దూడచెవి మడి మీద, క్లోతిల్డ్‌కి వాళ్ళమ్మ ఇచ్చిన దూడచెవి మీద, ఎలీ జాకో పేరు రాసి ఉంది. దానికి బదులుగా వీళ్ళకి మెట్ట మీద, ద్రాక్షతీగ కూడా బతకదని వాళ్ళ తాతల నాడే వదిలేసిన కంకరనేల. ఊళ్ళో నేలనంతా ఐదు తరగతులు చేశారట, అందులో దూడచెవిది ఐదో తరగతి అట. "గుమాస్తాలు తప్పు రాసుంటారు. వెళ్ళి చెబితే దిద్దుతారు," అన్నాడు తను, పటం వంకే చూస్తూ, ఆవిడ మొహం వంక చూడకుండా. "ఊఁ" అంది ఆవిడ. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఊఁ కొట్టడంలో ఎన్ని రకాలున్నాయో అన్నీ తనకు కొట్టినపిండి. ఈ ఊఁ మాత్రం ఎప్పుడూ విననిది. తెలిసిపోయిందా? తెలిస్తే ఊరుకునే మనిషేనా? రెండు వారాల నుంచి సూప్‌లో ఉప్పు కూడా సరిగ్గా వెయ్యడంలేదు. గుమాస్తాలు ఏ తప్పూ రాయలేదు. ఒక్తావ్ పెర్నో తన నోటితో ఏది చెప్పాడో అదే, ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాశారు.

అసలు ఫిబ్రవరిలో రావడం ఏమిటి వాడు. వరదలో, ఏరూ పొలమూ ఒకటే అయి, గట్టు మీద నిలబడి చూస్తే అవతలి ఊరి చర్చి దాకా నీళ్ళే కనిపిస్తున్న రోజుల్లో నేల తరగతులు కట్టడానికి వస్తాడా ఎవడన్నా? వచ్చాడు. కొత్త రబ్బరు బూట్లు, తోలుసంచీ, చేతిలో నేలను తవ్వి చూసే పొడుగాటి ఇనుప మర. ఆ మరని నీళ్ళలో దించలేక దానిమీద ఆనుకుని నిలబడి, "దూడచెవి మీదేనాండీ?" అన్నాడు మర్యాదగా. సంచీ. ఆ సంచీయే కొంప ముంచింది. చిన్నప్పుడు నాన్న గుర్రాన్ని రేవులో కడుగుతూ చెప్పేవాడు, "సంచీ పట్టుకుని ఊళ్ళోకి వచ్చినవాడు ఎవడైనా సరేరా, వాడి ముందు నీ ఆవు కుంటిది, నీ పెళ్ళాం రోగిష్టిది, నీ పొలం ఎందుకూ కొరగానిది" అని. పన్ను వాడైనా, పటాలం కోసం గడ్డి పట్టుకుపోయేవాడైనా, పెళ్ళిసంబంధానికి వచ్చినవాడైనా అంతే. తన నోరు దానంతటదే తెరుచుకుంది. నీళ్ళు ఎన్నాళ్ళు నిలుస్తాయండీ? అయ్యో, అడక్కండి, ఈస్టరు దాకా కదలవు. అడుగున నేల ఎలాంటిది? కంకర, పైన జానెడు బురద. ఏం మొలుస్తుంది? తుంగ. ఆవులు తింటాయా? ఆకలికి ఏదన్నా తింటాయి పాపం. చెబుతుంటే ఊపు కూడా వచ్చింది తనకి, ఆ మాట ఒప్పుకోవాలి, మంచి బేరం చేస్తున్నవాడికి వచ్చే ఊపు. పోయినేడు ఒక దూడ ఆ బురదలో కూరుకుపోయిందని కూడా చెప్పాడు. ఏ దూడ? ఎవరి దూడ? ఆ కుర్రవాడు జాలిపడ్డాడు. నాలుక కొసతో పెన్సిలు తడిచేసుకుంటూ మొత్తం రాసుకున్నాడు. పన్ను తగ్గించినట్టే అనుకుని తను ఇంటికి వెళ్ళకుండా తిన్నగా కెఫేకి పోయి, ఎర్ర వైను ఒక గ్లాసు ఎక్కువే తాగాడు.

వసారా చివర ఈగ ఒకటి కిటికీ అద్దానికి కొట్టుకుంటోంది. పక్కనే కిటికీ రెక్క తెరిచే ఉంది. అయినా అద్దానికే కొట్టుకుంటోంది. కొట్టుకో.

ఆ కెఫేలోనే, ఆ సాయంత్రమే తెలిసింది. కమ్మరి దుకాణం వాళ్ళ తమ్ముడు పట్నం నుంచి వచ్చి, బల్ల మీద అగ్గిపుల్లలు పేర్చి మరీ చెప్పాడు. ఆ సంచీవాడు పన్ను మనిషి కాదు. ఊళ్ళో ముక్కముక్కలుగా పడి ఉన్న మళ్ళన్నీ కలిపేసి, మళ్ళీ పెద్ద పెద్ద ముక్కలుగా పంచుతారు. నీ నేల ఎంత మంచిదని రాయించుకుంటే నీకు అంత మంచి నేల ఇస్తారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఆ సామెత ఇన్నాళ్ళకి చట్టమై కూర్చుంది. మర్నాటి నుంచి ఊరు ఊరంతా పాట మార్చింది. జన్మలో పొలం బాగుందని అనని ముసలాళ్ళు కూడా ఆ కుర్రవాణ్ణి చెయ్యి పట్టుకుని గట్టు మీదికి లాక్కెళ్ళి, మాది వెన్న, మాది బంగారం అన్నారు. మొదటి రోజు, మొదటి మడి తనది. ఊరికంతా ముందు నోరు పారేసుకున్నది తను. ఆ రాత్రే సత్రానికి వెళ్ళి వాణ్ణి లేపి, నేను అబద్ధమాడాను బాబూ అని ఉంటే పోయేది. వెళ్ళబోయాడు కూడా. బూట్లు తొడుక్కున్నాడు. ఇంతలో క్లోతిల్డ్ "ఈ వేళప్పుడు ఎక్కడికి?" అంది. ఎక్కడికీ లేదని బూట్లు విప్పేశాడు. రేపు అనుకున్నాడు. రేపు వాడు మెట్టకి వెళ్ళాడు, ఎల్లుండి అడవి పక్కకి వెళ్ళాడు, వారం తర్వాత వాడే లేడు. అడుసు తొక్కింది తను, కాలు కడుక్కోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు కడుక్కుందామంటే నీళ్ళు లోపల, ఆ తలుపు వెనక ఉన్నాయి.

నీళ్ళు ఈస్టరు దాకా నిలుస్తాయట! పది రోజులు. గట్టిగా ఉంటే పన్నెండు. పోతూ పోతూ వేలెడు మందాన ఒండ్రు పరిచిపోతాయి, రొట్టె మీద ఇల్లాలు వెన్న రాసినంత సమంగా. మార్చి ఎండకి అది పగిలి, పగుళ్ళలోంచి పచ్చగా మొలక వచ్చి, జూన్ నాటికి నడుము దాకా గడ్డి, మధ్యలో ఎర్రపూల క్లోవరు. ఆ గడ్డి తిన్న ఆవుల పాలు కాస్త పసుపు తిరిగి ఉంటాయని పాల కేంద్రంలో మూత తియ్యగానే చెప్పేస్తారు. ఆగస్టులో రెండో కోత. ఆ తర్వాత మంచు పడేదాకా ఆవులు అక్కడే మేస్తాయి. ఊరంతా కలిపి చూసుకున్నా దాన్ని మించిన నేలచెక్క లేదు. ఇది ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరూ అనరు. పెర్నోలు అనరు, అంటే దిష్టి, అంటే పన్ను, అంటే అల్లుడు అడుగుతాడు, పొరుగువాడు ఏడుస్తాడు, వడగళ్ళ వాన పడుతుంది. "ఈ ఏడు గడ్డి ఎలా ఉంది?" అంటే "ఏదో ఉందిలే" అంటారు. ఏదో ఉందిలే అంటే గడ్డి కొట్టు నిండిందని అర్థం. బాగానే ఉంది అన్నారంటే కొట్టు నిండి బయట కూడా కుప్ప వేశారని. పోయింది అంటే సగం ఉందని. ఊళ్ళో పుట్టిన పిల్లవాడికి మాటలు రాకముందే ఈ లెక్క వస్తుంది. పట్నం నుంచి వచ్చిన ఆ కుర్రవాడికి ఎవరు నేర్పారు? చదువుకున్నవాడు గదా, చెప్పిన మాటకి ఎంత కలుపుకోవాలో ఆ మాత్రం తెలియక్కర్లేదా? చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాడా ఎవడన్నా?

క్లోతిల్డ్ వాళ్ళమ్మ కూడా అంతే అంది. మొదటిసారి నాన్నతో కలిసి వాళ్ళ ఇంటికి వెళ్ళిన రోజు ఆ ముసలావిడ చీజూ రొట్టే బల్ల మీద పెట్టి, "పిల్ల కాస్త మందం. పొలం కాస్త మునుగుతుంది. మీ ఇష్టం," అంది. నాన్న తిరుగుదారిలో బండి మీద పగలబడి నవ్వుతూ, "ఒరే, పిల్లా బంగారమే, పొలమూ బంగారమే" అన్నాడు. అప్పటికే తను చూసి ఉన్నాడు ఆ పిల్లని. దూడచెవిలో, గడ్డి లాగే పళ్ళకర్ర పట్టుకుని, పావడా అంచులు నడుముకి దోపుకుని, ఎండకి ముక్కు మీద చర్మం ఊడిపోయి. వరసలు ఎంత తిన్నగా వేసిందో. తిన్నగా వేశావని చెప్పాలనిపించింది. చెప్పలేదు. "వాన వచ్చేలా ఉంది" అన్నాడు. ఆ రోజు ఆకాశంలో చారెడు మబ్బు లేదు. ఆవిడ చూసి నవ్వింది. పెళ్ళయింది. కూతురు పుట్టిన రోజు చర్చి ముందు ఎవరో అడిగితే "ఏదో, చిన్న పిల్లే" అన్నాడు. నాలుగు కిలోల పిల్ల! ముప్ఫై ఏళ్ళలో క్లోతిల్డ్ గురించి ఎవరి దగ్గరైనా ఒక్క మంచి మాట అన్నాడా తను? వంట ఎలా ఉందంటే తినొచ్చు అన్నాడు. మనిషి ఎలా ఉందంటే ఉంది అన్నాడు. ఇప్పుడెందుకు ఇవన్నీ, పొలం గురించి వచ్చి పెళ్ళాం గురించి ఆలోచించడం ఏమిటి, ఉక్క, ఆ కిటికీ ఇంకాస్త తెరవచ్చుగదా ఎవరైనా.

యుద్ధంలో పట్టుబడి, ఐదేళ్ళు జర్మనీలో ఖైదీగా ఎవరిదో పొలంలో బంగాళాదుంపలు తవ్వుతూ ఆవిడ ఉత్తరాల కోసం చచ్చేవాడు. నెలకి ఒకటి, అదీ సెన్సారువాళ్ళు సగం నల్లసిరా పూశాక వచ్చేది. "ఈ ఏడు గడ్డి పెద్దగా లేదు. ఆవులు చిక్కాయి. నేను బాగానే ఉన్నాను." అది చదివి రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. ఆవులు చిక్కాయంటే నిజంగానే చిక్కాయా, లేక నల్లసిరా పూసేవాడి కోసం అలా రాసిందా, అంత దూరంలో ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది. లెక్క అంతా తెలిసిన తనకే అక్కడ లెక్క తప్పింది. తిరిగొచ్చిన రోజు కొట్టు తలుపు తీసి చూస్తే పైకప్పు దాకా గడ్డి. మగవాళ్ళు లేని ఊళ్ళో, ఒంటరిగా, పొడుగు కర్ర కొడవలితో, తెల్లవారుజామున మంచు ఆరకముందే కోసి, మధ్యాహ్నం తిరగేసి, ఐదేళ్ళు ఒక్కతే ఆ దూడచెవిని కోసింది. చేతులు చూస్తే అరచేతుల నిండా కాయలు. తను ఏమన్నాడు? తలుపు పట్టుకుని నిలబడి, ఆ కుప్పంతా చూసి, "కాస్త తడిసినప్పుడు ఎత్తినట్టున్నావు," అన్నాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, తన మీద తనకే. ఆ పొలాన్నే, ఆవిడ ఐదేళ్ళ చెమటనే, ఫిబ్రవరిలో గట్టు మీద నిలబడి తుంగ, బురద, చచ్చిన దూడ అని రాయించాడు. ఇంకాసేపట్లో ఆ తలుపు తెరుస్తారు, ఆ కాగితం పైకి చదువుతారు, ఆవిడ పక్కనే కూర్చుని వింటుంది. చెప్పాలి. ఇప్పుడే.

"క్లోతిల్డ్."

"ఏంటి."

"ఆ గడ్డి... మెట్ట మీద గడ్డి తిరగెయ్యాల్సింది."

"మబ్బు చూశాను," అంది ఆవిడ. సంచీ గొళ్ళెం టక్కుమంది. గొంతు తగ్గించి, "ఒక్తావ్, లోపలికి వెళ్ళే ముందు నీకో సంగతి..." అంటూ ఉండగానే వసారా తలుపు తోసుకుని ఎలీ జాకో దిగబడ్డాడు. దిగబడటానికి ఈ క్షణమే దొరికింది వెధవకి. దారి హద్దు గురించి వాడికీ ఏదో కాగితం వచ్చిందట. వీళ్ళిద్దర్నీ చూడగానే మొహం అటు తిప్పుకుందామా ఇటు తిప్పుకుందామా అని తెలియక, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసి ఎదుటి బెంచీ మీద కూలబడ్డాడు. నలభై ఏళ్ళుగా పొరుగు. ఒకే రోజు పటాలంలో చేరారు, ఒకే పంది మాంసం పంచుకుంటారు ప్రతి డిసెంబరులోనూ. పటం చూసినప్పటి నుంచి వాడు వీళ్ళ వాకిట్లోంచి కాకుండా వెనక సందులోంచి పోతున్నాడు.

"ఏం ఒక్తావ్, ఎలా ఉంది?" అన్నాడు.

"ఏదో, ఇలా ఉంది."

"వాన వచ్చేలా ఉంది."

"నీకేం బాబూ, నీ గడ్డి లోపల వేసుకున్నావుగా."

"ఏం గడ్డిలే," అన్నాడు ఎలీ.

ఏం గడ్డిలే అట. కొట్టు తలుపులు మూసుకోవడంలేదు వాడికి. వీణ్ణి తిట్టాలంటే తిట్టడానికి కూడా ఏమీ దొరకదు, వీడు ఏమీ చెయ్యలేదు, వీడి నేల ఉన్నదున్నట్టు తవ్వి చూసి రాసుకున్నారు, చీటీలు తిరిగి తిరిగి దూడచెవి వీడి ఒళ్ళో పడింది. కోపం పెట్టుకోవడానికి ఒక మనిషైనా మిగలకపోతే ఆ కోపం ఎక్కడ దింపుకోవాలి? క్లోతిల్డ్ ఏదో చెప్పబోయింది. ఏం చెప్పబోయింది? అల్లుడి సంగతా? నా చొక్కా బొత్తాం సంగతా? అడుగుదామంటే ఎదురుగా ఎలీ చెవులు. గోడగడియారం మూడుంబావు కొట్టింది, లేదా కొట్టబోయి ఆగింది, ఈ బడి గడియారం తను చదువుకున్న రోజుల్లోనూ ఇంతే. మబ్బు ఇప్పుడు నిజంగా నల్లబడింది. పొప్లార్ ఆకులు తిరగబడి తెల్లగా కనిపిస్తున్నాయి. లోపల చెప్పేస్తాను, అనుకున్నాడు. సంఘంలో ఆరుగురూ వింటూ ఉండగా లేచి నిలబడి, అయ్యా నేను అబద్ధం చెప్పాను, ఆ పొలం ఊళ్ళోకల్లా మేలైన పొలం అంటాను. ఆవిడకి అక్కడే తెలుస్తుంది. తెలియనీ. ఇంటికెళ్ళాక ఏడాది మాట్లాడకపోతే పోయె, పొలం దక్కుతుంది. పొలం ముఖ్యం. గుమాస్తా తలుపు తీసి "పెర్నో దంపతులు" అన్నాడు.

తరగతి గదిలో నల్లబల్ల మీద నిన్నటి భాగహారం అలాగే ఉంది. మేష్టారి బల్ల వెనక పక్కపట్నం నుంచి వచ్చిన బట్టతల జడ్జీ, ఆయనే అధ్యక్షుడు. అటూ ఇటూ వేరే ఊళ్ళ రైతులు. మేయరు కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు. ఆయనకీ ఏటి ఒడ్డున మడి ఉంది, ఆ మడుల మాట వస్తే ఆయన నోరెత్తకూడదని రూలు. చివర్న ఆ కుర్రవాడు, ఫిబ్రవరి కుర్రవాడు, ఈసారి బూట్లు మామూలువే. ఒక్తావ్ టోపీ చేతిలో నలుపుకుంటూ, "అయ్యా, దూడచెవి ఐదో తరగతి కాదండీ, పొరపాటు జరిగింది," అన్నాడు. జడ్జీ కాగితం తీశాడు. చదువుతున్నాడు. నీళ్ళు ఈస్టరు దాకా. కంకర. తుంగ. కూరుకుపోయిన దూడ. ఒక్కొక్క మాటా నేల మీద పడ్డ పళ్ళెంలా మోగుతోంది, ఒక్తావ్ మెడ వెనకంతా చెమట, పక్కకి తల తిప్పే ధైర్యం లేదు. పక్కన క్లోతిల్డ్ సంచీ గొళ్ళెం టక్కుమనడం ఆగిపోయింది.

"ఇది మీరు చెప్పిందేనా, పెర్నో గారూ?"

"నేను చెప్పిందేనండీ, కానీ..."

"నిజం చెప్పాలంటే నాకూ అప్పుడు అనుమానం వచ్చిందండీ," అన్నాడు కుర్రవాడు, జడ్జీ వైపు తిరిగి. "గట్టు మీద ఎండుగడ్డి మొదళ్ళు చూస్తే మరీ అంత పాడునేలలా అనిపించలేదు. ఒకటో తరగతి రాద్దామనుకున్నాను. అందుకే ఆ సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఈయన లేరు. పొలం అమ్మగారిదని చెప్పారు గనక అమ్మగార్నే అడిగాను." కాగితం తిప్పాడు. "ఇదిగోండి. 'మా అమ్మ పాపం ఆ పొలంలోనే కీళ్ళవాతం తెచ్చుకుంది. ఏడాదికి ఆరు నెలలు చిత్తడి. ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోరు.' కాఫీ కూడా ఇచ్చారండీ, పాపం. ఇద్దరూ విడివిడిగా ఒకటే చెప్పారు కాబట్టి ఐదో తరగతి వేశాను."

ఒక్తావ్ తల తిప్పాడు. క్లోతిల్డ్ మొహం మెడ దాకా ఎర్రబడింది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి, కళ్ళు మాత్రం తన మీదే ఉన్నాయి. అంటే ఈవిడ కూడా. సంచీ చూసి ఈవిడ కూడా! రెండు వారాల నుంచి సూప్‌లో ఉప్పు లేకపోవడం, ఆ కొత్త ఊఁ, ఇందాక వసారాలో సగంలో ఆగిన మాట, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా ఒక్కడి నోటితో పొలం పోయిందని నేను కుళ్ళి చస్తుంటే, తన ఒక్కదాని నోటితోనే పోయిందని ఆవిడ పక్కనే కూర్చుని చస్తోంది.

"మరి ఇప్పుడేమంటారు?" జడ్జీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అలసిపోయి ఉన్నాడు. "పొద్దున్నుంచి ఈ కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ వాడి నేల బంగారమనే అంటున్నాడు. అమ్మా, అప్పుడు మీరు అబద్ధం చెప్పారా?"

"అయ్యా, నేను..." అంది క్లోతిల్డ్, లేస్తూ.

ఆరుగురు పరాయి మగాళ్ళు ఆవిడ వంక చూస్తున్నారు. కిటికీ దగ్గర మేయరు కూడా తల తిప్పాడు. ఊళ్ళో రేపు పొద్దున పాల కేంద్రం దగ్గర అందరూ అనుకుంటారు, పెర్నో వాళ్ళావిడ జడ్జీ ముందు అబద్ధాలకోరునని ఒప్పుకుందట. ఒక్తావ్ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే నోరు మూసుకునేవాడు.

"నా భార్య అబద్ధమాడే మనిషి కాదు," అన్నాడు గట్టిగా. "ఈ ఊళ్ళో ఆమె కంటే నిజాయితీ గల మనిషి లేదు. ఎవర్నైనా అడగండి."

అన్నాక గానీ ఏమన్నాడో తెలియలేదు. "అయితే ఆవిడ అప్పుడు చెప్పిందే నిజం, ఇంకేమిటి," అన్నాడు జడ్జీ, ముద్ర తీసి కాగితం మీద కొట్టాడు. క్లోతిల్డ్ సగం లేచినది అలాగే కూర్చుంది.

వసారాలోకి వచ్చాక ఆవిడ తలుపు మూసేదాకా ఆగింది. "నేను చెప్పేస్తున్నానుగదా," అంది. పళ్ళ బిగువున, మెల్లగా. "అబద్ధం చెప్పానని చెప్పేస్తున్నాను. ఎందుకు అడ్డొచ్చావు? నీకెవరు చెప్పమన్నారు?"

"నువ్వు అందరి ముందూ..."

"అందరి ముందూ అయితే ఏం! అబద్ధమాడానని ఒప్పుకుంటే నా ఒళ్ళు అరిగిపోతుందా? ముప్ఫై ఏళ్ళు నోరు తెరవనివాడివి ఇవాళే తెరవాలా?" కోపంతో ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలోనే ఇంకోలా చూసింది తనని, ఆ చూపేమిటో ఒక్తావ్‌కి అర్థం కాలేదు, అర్థం చేసుకునే ఓపికా లేదు. కొక్కేనికి తగిలించిన తన కోటు లాగితే రాదు. గుడ్డ ఎక్కడో పట్టుకుంది. లాగాడు. చిరిగింది. చిరగనీ. వాళ్ళ వెనక, బెంచీ మీద, కమ్మరి వాళ్ళ తమ్ముడు వచ్చి ఎలీ పక్కన చేరాడు. వాడు మోచేత్తో పొడుస్తూ, "ఏరా, నీకు ఏటి ఒడ్డున మంచి చెక్క తగిలిందటగా?" అంటున్నాడు. ఎలీ ఒకసారి వీళ్ళ వైపు చూసి, నేలకేసి చూస్తూ, పుట్టినప్పటి నుంచి ఏ నోటితో ఏ మాట అంటున్నాడో ఆ నోటితో ఆ మాటే అన్నాడు.

"ఏం చెక్కలేరా. పెర్నో వాళ్ళ చిత్తడి. అంటగట్టారు నాకు."

"చిత్తడా!" ఒక్తావ్ తిరిగాడు. కోటు ఒక చేతికే ఉంది. "ఎవడ్రా దాన్ని చిత్తడి అనేది? నువ్వా? నీ జన్మలో అలాంటి నేల తొక్కావట్రా నువ్వు? పది రోజులు! పదంటే పదే రోజులు నిలుస్తాయి నీళ్ళు, పోయాక చెయ్యి పెట్టి చూడు, మోచెయ్యి దాకా దిగుతుంది, ఒక్క గులకరాయి తగిలితే నా పేరు మార్చుకుంటాను. ఈ సోన్ ఒడ్డున ఏ మూలకైనా వెళ్ళు, అంత గడ్డి చూపించు! రెండు కోతలు, ఆపైన మేత. ఆ గడ్డి కోసింది ఎవరో తెలుసా? ఇదిగో, ఈవిడ. ఐదేళ్ళు, ఒక్కతే, మీ అందరి కొట్లూ ఖాళీగా ఉన్నప్పుడు ఈవిడ కొట్టు పైకప్పు దాకా నిండింది! వరసలు చూశావా ఎప్పుడైనా ఈవిడ వేసిన వరసలు? దారం కట్టి వేసినట్టుంటాయి. బంగారంరా అది, బంగారం! చిత్తడి అంటావా దాన్ని నా ఎదురుగా!"

వసారాలో అందరూ లేచి నిలబడ్డారు. ఎలీ టోపీ కింద పడింది, వంగి తీసుకోలేదు.

"తెలుసులేరా," అన్నాడు ఎలీ, చాలా మెల్లగా. "నాకు తెలీదా. ఊళ్ళో తెలీనివాడెవడు."

ఒక్తావ్‌కి ఊపిరి అందడంలేదు. ఇంకా అనాల్సింది చాలా ఉంది, క్లోవరు పూల సంగతి, పాల రంగు సంగతి, కొట్టు తలుపు దగ్గర అనాల్సి అనకుండా వదిలేసింది. క్లోతిల్డ్ రెండు చేతులతో ఆ నల్లసంచీ గుండెకి అదుముకుని తననే చూస్తోంది, అప్పుడే పరిచయమైన మనిషిని చూసినట్టు. వెనక తరగతి గది తలుపు ఓరగా తెరుచుకుంది. గుమాస్తా తల బయటపెట్టాడు.

"కాస్త మెల్లగా అయ్యలారా," అన్నాడు విసుగ్గా. "మీ గోలకి లోపల ఒక్క ముక్క వినిపించి చావడంలేదు." తలుపు మూసేశాడు.